పాట ఎళ్లాలి... పేరుతో సహా!

మన పాట సినిమాకెక్కాలా, వద్దా? ఈ తగువు కొత్తది కాదు. మనం ప్రేమించే బృందం నుంచి ఒక గొంతు సినిమాకు వెళ్తోందన్న కబురు అందగానే టీ కొట్టు దగ్గర రెండు జట్లు లేస్తాయి. 'పోనీ, నాలుగు డబ్బులు కళ్ల చూస్తాడు' అనేది ఒక జట్టు. 'అమ్ముడుపోయాడు' అనేది రెండో జట్టు. రెండో జట్టులో మనవాళ్లే ఎక్కువ. అందుకే ఈ నాలుగు మాటలు.

ఈ గడ్డ నుంచి గొంతులు బయటికి వెళ్లడం ఈనాటిదా? 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టారు. ఘంటసాల కృష్ణా జిల్లా నుంచి వచ్చి, మధుకరం ఎత్తి కడుపు నింపుకుని, అక్కడే పాట నేర్చుకున్నారు. సుశీల పుట్టింది విజయనగరంలోనే. ఇద్దరూ మద్రాసు వెళ్లారు. అమ్ముడుపోయారని వారినెవరూ అనలేదు. గర్వపడ్డాం. అయితే ఒక్కటి గమనించాలి. అప్పుడు వెళ్లింది గొంతు మాత్రమే. మన యాస వెళ్లలేదు. అది తెర మీద చాలాకాలం పనిమనిషికీ, నవ్వించేవాడికీ మాత్రమే పనికొచ్చింది.

యాసను తలెత్తుకు నిలబెట్టింది జముకు. బొడ్డపాడులో గుడి పూజారి సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను జనం కథగా మార్చి ఊరూరా చెప్పాడు. 1969లో పోలీసు తూటాలకు బలయ్యాడు. ఆ గాలి పీల్చి వచ్చినవాడే వంగపండు ప్రసాదరావు. 1943లో పార్వతీపురం పక్కన పెదబొండపల్లిలో పుట్టిన మనిషి. గద్దర్‌తో కలిసి జననాట్యమండలిలో గజ్జె కట్టాడు. 'ఏం పిల్లడో ఎల్దమొస్తవ' జనం నోటి మీదుగానే తెలుగునేల అంతా తిరిగింది.

వంగపండు సినిమాకు వెళ్లలేదా? వెళ్లాడు. 1986లో ఆర్. నారాయణమూర్తి తీసిన 'అర్ధరాత్రి స్వాతంత్ర్యం'తో వెళ్లాడు. గజ్జె విప్పలేదు, యాస మార్చలేదు. అదే పాట పల్లవి 2009లో 'మగధీర'లో మళ్లీ వినబడింది. నన్ను అడగకుండా నా పాట ఎలా వాడుకుంటారని వంగపండు నిలదీశాడు. ఒకే పాట. ఒకసారి ఆయనతో కలిసి వెళ్లింది. ఇంకోసారి ఆయన్ను వదిలేసి వెళ్లింది. తగువు అసలు ఇక్కడుంది. సినిమాకు వెళ్లడంలో లేదు.

'నక్కిలీసు గొలుసు' సంగతి చూడండి. 2020లో వచ్చిన 'పలాస 1978'తో తెరకెక్కింది. ఆ తర్వాత రీల్స్ పుణ్యమాని రాష్ట్రాలు దాటింది. సంతోషమే. ఉత్తరాంధ్ర జానపదమని జనానికి తెలిసింది. అయితే జానపదం అనగానే ఎవరిదీ కాదు అనుకునే అలవాటు ఒకటుంది. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు. సినిమాకు రాసిచ్చేసినా రచయితకూ, బాణీ కట్టినవారికీ రాయల్టీలో వాటా పోదని ఆ సవరణ చెబుతోంది. కాని అది పేరున్నవాడికే అందుతుంది. జీవితమంతా జముకు వాయించిన ముసలాయన పేరు ఏ కాగితంలో ఉంది?

బృందం చెదిరిపోతుందన్న భయం కూడా ఉత్తది కాదు. హైదరాబాద్‌లో 'చౌరస్తా' బ్యాండ్‌తో కుర్రకారుకు దగ్గరైన రామ్ మిరియాల ఆ బృందం నుంచి బయటికొచ్చాడు. 2021లో 'జాతిరత్నాలు' చిట్టి పాటతో, 2022లో 'డీజే టిల్లు'తో ఇంటింటా మోగాడు. ఆయనది తప్పని అనం. సినిమా పాట కథ కోసం, హీరో కోసం పుడుతుంది. బృందం తాను చెప్పదలచుకున్నదే పాడుతుంది. ఈ తేడా తెలిసి వెళ్లినవాడు నష్టపోడు.

ఇక మన సంగతి. ఒకటో తారీకు జీతం పడకపోతే మనం ఊరుకుంటామా? డీఏ బకాయి ఉంటే ధర్నాకు దిగమా? అదే మనం పాటగాణ్ణి సభకు పిలుస్తాం. గొంతు బొంగురుపోయేదాకా పాడిస్తాం. శాలువా కప్పి, బస్సు చార్జీ చేతిలో పెట్టి పంపేస్తాం. శాలువాలు తింటే కడుపు నిండుతుందా? ఆ మనిషి రేపు నాలుగు రూకల కోసం సినిమా గడప తొక్కితే ద్రోహి అంటాం. ఇదెక్కడి న్యాయం?

కనుక మా మాట సూటిగా చెబుతున్నాం. పాటగాడా, వెళ్లు. కాని పేరు వేయించుకుని వెళ్లు. ఒప్పందం కాగితం మీద రాయించుకుని వెళ్లు. మన యాసను వెక్కిరింతకు ఇవ్వమంటే మాత్రం వెనక్కి వచ్చెయ్.

మనమూ చేయాల్సింది ఉంది. సభ పెట్టేవారు పాటకు ఎంతిస్తారో ముందే చెప్పాలి, చెప్పింది ఇవ్వాలి. ఉద్యోగ సంఘాల్లో చట్టం తెలిసినవారు కళాకారుల ఒప్పందాలు చదివి పెట్టాలి. విద్యార్థులు సెలవులకు ఊరెళ్లినప్పుడు పెద్దల పాటలు ఫోన్లో పట్టాలి. ఎవరు పాడారు, ఏ ఊరు, ఏ తేదీ అన్నది రాసి పెట్టాలి. రేపు ఆ పాట సినిమాలో మోగితే అదే సాక్ష్యం.

వంగపండు 2020 ఆగస్టు 4న పార్వతీపురంలో కన్నుమూశాడు. ఆ పాట ఎక్కడ మోగినా ఈనాడు మనం ఆయన పేరు చెప్పగలుగుతున్నాం. ఆయన అడిగాడు కనుక. అడగలేని పాటలు మన ఊళ్లలో ఇంకా ఎన్నో ఉన్నాయి. వాటి తరఫున అడగాల్సింది మనమే.