కుంచెకు జామీను ఎందుకు?

మక్బూల్ ఫిదా హుసేన్ పేరెత్తగానే మన లౌకికవాద మిత్రులు ఒక సాక్ష్యం పట్టుకొస్తారు: "ఆయన రామాయణం గీశాడండీ!" నిజమే, గీశాడు. కానీ మీరు చెప్పేది సాక్ష్యం కాదు, జామీను. బాపు రాముణ్ణి గీస్తే ఎవరూ జామీను ఉండలేదు. సాయిబు గీస్తేనే ఎందుకు కావాల్సొచ్చింది?

1915లో పండరిపురంలో పుట్టాడు. ఊహ తెలియకముందే తల్లి జైనబ్ పోయింది. ఆమె ముఖం గుర్తులేకనే తన బొమ్మల్లో ఆడవాళ్లకు ముఖాలుండవని చెప్పుకున్నాడు. బొంబాయిలో సినిమా హోర్డింగులు రాసి పొట్టపోసుకున్నాడు. 1947లో ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూపులో చేరాడు. మథుర శిల్పం నుంచి ఒంటి వంపులు తీసుకున్నాడు, బసోలీ చిత్రాల నుంచి రంగులు తీసుకున్నాడు. చిన్ననాడు చూసిన మొహర్రం దుల్‌దుల్ ఆయన గుర్రాల్లో పరుగెత్తింది. ఇందులో ఏ గీత హిందువుది, ఏ గీత ముసల్మానుది? చేతనైతే విడదీసి చూపించండి.

పెద్దోళ్ల డ్రాయింగు రూములకు కాదు, జనానికి రామాయణం గీయమని రామ్‌మనోహర్ లోహియా అన్నాడు. లోహియా 1967లో పోయాక, మన హైదరాబాదులో బద్రీవిశాల్ పిత్తీ అండతో ఆ పని మొదలుపెట్టాడు. వాల్మీకినీ తులసీదాసునూ పండితుల దగ్గర చదువుకున్నాడు. ఆ బొమ్మల్ని ఎడ్లబండ్ల మీద ఊళ్లకు తీసుకెళ్తే రైతులెవరూ తప్పుపట్టలేదని తర్వాత చెప్పాడు. ఎందుకు పడతారు? మా సీతాఫల్‌మండి పేరే చూడండి. పండులో సీత ఉంది, పక్కనే మండి ఉంది. ఆ పేరును ఇంతకాలంగా అందరం కలిసే పలుకుతున్నాం.

1970ల్లో గీసిన సరస్వతి 1996లో నేరమైంది. ఇరవై ఏళ్లు నొప్పి తెలియని మనోభావాలకు అప్పుడే గాయమైందా? ఆ ఏడే అహ్మదాబాదులో ఆయన బొమ్మలు తగలబెట్టారు. 1998లో బొంబాయి ఇంటిమీద పడ్డారు. కేసుల మీద కేసులు పెడితే 2006లో దేశం విడిచాడు. 2008లో ఢిల్లీ హైకోర్టు కేసులు కొట్టేసింది. అయినా తిరిగి రాలేకపోయాడు. 2010లో ఖతర్ పౌరుడయ్యాడు, 2011లో లండన్‌లో కన్నుమూశాడు. పద్మవిభూషణ్ ఇచ్చిన దేశం ఆయన ప్రాణానికి భరోసా ఇవ్వలేకపోయింది.

మావాళ్లతోనూ ఒక మాట. 2004లో ఆయన 'మీనాక్షి' సినిమా తీశాడు. అందులోని ఖవ్వాలీలో ఖురాన్ మాటలున్నాయని మన సంఘాలే అభ్యంతరం చెప్పాయి. సినిమా థియేటర్ల నుంచి వెనక్కి వెళ్లిపోయింది. బొమ్మ తగలబెట్టినవాణ్ణి తిట్టే నోరు పాట ఆపినవాడి దగ్గర మూగబోతే ఎట్లా భాయ్?

హుసేన్ మీద నాకూ ఫిర్యాదుంది. 1975లో, ఎమర్జెన్సీ నాడు, ఇందిరాగాంధీని దుర్గగా గీశాడు. జైళ్లు నిండుతున్నప్పుడు కుంచె అధికారం పాదాల దగ్గర కూర్చుంది. దాన్ని నిలదీయండి, నేనూ గొంతు కలుపుతాను. అది చిత్రకారుడితో తగువు. బొమ్మ వదిలేసి పేరు చదివి చేసేది తగువు కాదు, వేట.

అందుకే అంటున్నా, మాకు జామీను ఉండకండి. హుసేన్ ఒక్క రామాయణం బొమ్మ వేయకపోయినా ఈ నేల ఆయనదే. రేపు మా గల్లీలో ఒక పిల్ల గోడమీద బొగ్గుతో సరస్వతిని గీస్తే, ఎవరైనా చూస్తారేమోనని వాళ్లమ్మ కొంగుతో తుడిచేయకూడదు. మేం అడిగేది అంతే.