స్వరాల కాగితాలు ఏ అటక మీద?

‘మిగతా కథ వెండితెరపై చూడండి’ అంటూ కథాసంగ్రహం చివర ఊరించే పాటల పుస్తకం ఒకప్పుడు సినిమా హాలు దగ్గర అణాకో, రెండణాలకో దొరికేది. ఇప్పుడు చెన్నైలో దానికోసం ట్రిప్లికేన్ పైక్రాఫ్ట్స్ రోడ్డు పేవ్‌మెంటు మీద నడుం వంచి వెతికే పిచ్చివాళ్లున్నారు. వాళ్లలో నేనూ ఒకణ్ణి. “ఇదే ఎంజీఆర్ పుస్తకమైతే ఐదొందలకు పైసా తగ్గను. తెలుగు కదా, వందిచ్చి పట్టుకెళ్లండి సార్” అన్నాడొక అమ్మకందారు. మన అభిమానానికి బజార్లో పలికే రేటు అది.

ఆ వంద రూపాయల పుస్తకంలో కాగితం ముట్టుకుంటే పొడి రాలుతుంది. పిన్ను తుప్పుపట్టి మధ్య పేజీలో ఎర్రటి మరక వేసింది. అచ్చులో సగం ఒత్తులు ఎగిరిపోయాయి. ఒక పాట పక్కన ఖాళీలో ఎవరో పెన్సిలుతో పల్లవికి స్వరాలు రాసుకున్నారు, పైస్థాయి గాంధారానికి నెత్తిన చుక్క కూడా పెట్టి. చరణం దగ్గరికొచ్చేసరికి ఓపిక అయిపోయినట్టుంది, వదిలేశారు.

పాపం, ఆ పని ఆయన చేసుకోవాల్సి వచ్చింది. మన పాటల పుస్తకంలో మాటలు తప్ప స్వరాలు ఉండవు మరి. హాలీవుడ్‌లో మ్యూజికల్ విడుదలైతే ఇంట్లో పియానో మీద వాయించుకునేందుకు పాటల నొటేషన్ అచ్చేసి అమ్మేవాళ్లు. మనవాళ్లు ముప్పైల్లో, నాటకాల అలవాటు కొద్దీ, కొన్ని పుస్తకాల్లో పాట పైన రాగం, తాళం పేర్లు వేసి ఊరుకున్నారు.

అలాగని ఈ పుస్తకాలను తీసిపారేయడానికి లేదు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో వచ్చింది, ప్రింటు మనకు దక్కలేదు. అంతకుముందు ఏడాది తమిళం, తెలుగు కలిపి తీసిన ‘కాళిదాస్’దీ అదే గతి. కాళిదాసు కథలో గాంధీగారి రాట్నం మీద పాట పెట్టిన ఘనులు వాళ్లు! ఆనాటి సినిమాలు చాలావాటి గురించి మనకు తెలిసిందల్లా పాటల పుస్తకమో, పత్రికా ప్రకటనో, గ్రామఫోను రికార్డో చెప్పిందే. సెంట్రల్ స్టేషన్ పక్కన మూర్ మార్కెట్ 1985 మేలో తగలబడినప్పుడు ఇలాంటివి ఎన్ని బూడిదయ్యాయో లెక్క తేల్చేవాళ్లు లేరు. తమిళులు కాస్త ముందుచూపున్నవాళ్లు. కొట్టైయూరు రోజా ముత్తయ్య చెట్టియారు ఒక్కడే పోగేసిన పుస్తకాలతో 1994లో ఈ ఊళ్లోనే పరిశోధన గ్రంథాలయం వెలిసింది. ఫిల్మ్ న్యూస్ ఆనందన్ దాచినవాటిని ప్రభుత్వమే కొనుక్కుంది. మన వైపు వేలకొద్దీ రికార్డులు సేకరించి, ‘ఆలాపన’ శీర్షికలో వాటి ముచ్చట్లు రాసిన వి.ఎ.కె. రంగారావు గారి పేరు చెప్పాక ఇంకో పేరు కోసం తడుముకోవాలి.

అసలు వెతకాల్సిన సరుకు పేవ్‌మెంటు మీద దొరకదు. సంగీత దర్శకుడు హార్మోనియం ముందేసుకుని బాణీ కడుతుంటే పక్కన అసిస్టెంటు సరిగమల్లో రాసుకునేవాడు. రికార్డింగు రోజున వీణ, వేణువు వాళ్లు తమ బిట్లను తమ లిపిలోనే నోటుబుక్కుకు ఎక్కించుకునేవాళ్లు. వయొలిన్ల వరసలో చాలామందికి అయిదు గీతల స్టాఫ్ నొటేషన్ కావాలి. మైలాపూరులో ధన్‌రాజ్ మాస్టారు ఆ గీతలే నేర్పేవారు, ఆయన శిష్యుల్లో ఇళయరాజా ఒకరు. టేక్ ఓకే అయ్యాక ఆ కాగితంతో ఎవరికీ పనిలేదు.

పాట రికార్డులో ఉందిగా, కాగితం దేనికి అంటారు. ఒక్క మైకు ముందు పదిమంది వాయించిన పాత రికార్డులో వెనక వరస ఏం వాయించిందో చెవికి అందదు. ఎవరి పని ఎంతో కూడా తెలియదు. ‘మాయాబజార్’ (1957) టైటిల్స్‌లో సంగీతం ఘంటసాల. వెన్నెల్లో పడవ పాటతో సహా నాలుగు బాణీలు సాలూరి రాజేశ్వరరావువి, ఆయన తప్పుకున్నాక వాద్యగోష్ఠి కూర్చింది ఘంటసాల. ‘దేవదాసు’ విడుదలకు ముందే, 1952లో సి.ఆర్. సుబ్బరామన్ పోయారు. మిగిలిన పని శిష్యుడు విశ్వనాథన్, రామమూర్తితో కలిసి పూర్తిచేశారు. చేతిరాత చూస్తే తేలిపోయే సంగతికి ఇన్నేళ్లుగా ఇంటర్వ్యూలే సాక్ష్యం.

ఈ నిర్లక్ష్యం మన సొత్తే అనుకోనక్కర్లేదు. 1969 ప్రాంతంలో ఎం.జి.ఎం. స్టూడియో తన సినిమాల ఫుల్ స్కోర్లను చెత్తతోపాటు పూడ్పించేసింది. జాన్ విల్సన్ అనే బ్రిటిష్ కండక్టర్ సౌండ్‌ట్రాక్ మళ్లీ మళ్లీ విని ఒక్కో వాద్యం భాగం తిరగరాశాడు, 2009లో బి.బి.సి. ప్రామ్స్‌లో వినిపించాడు. ఆయనకు ఆసరాగా కొన్ని సంక్షిప్త ప్రతులైనా మిగిలాయి. మనకు ఉన్నవి వడపళని, సాలిగ్రామం ఇళ్లల్లో అటకెక్కిన నోటుబుక్కులు. పిల్లలు హైదరాబాదుకో అమెరికాకో వెళ్లి ఇల్లు ఖాళీ చేసినప్పుడల్లా అవి పాత పేపర్ల కొట్టుకు తూకానికి పోతున్నాయి.

శతజయంతి సభలకు శాలువాలు కొనే సంఘాలు, మన సినిమా ఛాంబర్లు, విశ్వవిద్యాలయాలు ఈ ఇళ్ల తలుపు ముందు తట్టాలి. గ్రాంటు వచ్చాక స్కానరు కొందాం, కమిటీ వేశాక వెళదాం అంటే కుదరదు. ఫోన్‌లో కెమెరా చాలు. ఆ గీతలు చూసి, ఇది ఫలానా పాటలో రెండో చరణం ముందు బిట్టు అని పాడి చెప్పగలిగిన వయొలిన్ విద్వాంసులకు ఇప్పుడు ఎనభై దాటింది.