పలక గడప దాటేదెన్నడు?

పాశ్చాత్య దేశాల పంక్ సంగీత బృందాలకు ఒక ఆనవాయితీ ఉంది. పెద్ద సభామందిరాలు తలుపు తీయకపోతే, ఊరూరా తిరుగుతూ ఎవరో ఒక అభిమాని ఇంటి ముందుగదిలోనో నేలమాళిగలోనో కచేరీ చేస్తారు. వేదిక ఉండదు. పాడేవారూ వినేవారూ ఒకే నేల మీద నిలబడతారు. వచ్చినవారు తలా కొంత వేసిన సొమ్ముతో బండికి పెట్రోలు పోయించుకుంటారు. ఆ రాత్రి ఆ ఇంట్లోనే తిని, అక్కడే పడుకొని, తెల్లవారి మరో ఊరికి సాగిపోతారు. మన నగరాల యువతకూ ఈ ఇంటి కచేరీల మీద ఇష్టం పెరుగుతోంది. సంతోషమే. అయితే కులసమాజంలో ‘ఇల్లు’ అన్న మాటకు బరువు వేరు.

రాజ్యాంగం 15(2) అధికరణ దుకాణాల్లో, హోటళ్లలో, వినోదస్థలాల్లో కులం పేరిట అడ్డగించడాన్ని నిషేధించింది. 17వ అధికరణ అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955 నాటి చట్టం శిక్షలు విధించింది. కానీ ఎవరింటికి ఎవరిని అతిథిగా పిలవాలో ఏ చట్టమూ శాసించదు. అందుకే బజారులో కొంత తలవంచిన కులం వంటింట్లో, పెళ్లిపందిట్లో, అద్దె ఇంటి బేరంలో నిటారుగా నిలబడి ఉంది.

1919 ఫిబ్రవరిలో దక్షిణాది పర్యటనలో ఉన్న రవీంద్రనాథ్ టాగోర్ మదనపల్లెలో ఆగారు. బిసెంట్ థియోసాఫికల్ కళాశాలలో ‘జనగణమన’ పాడి వినిపించారు. మార్గరెట్ కజిన్స్ దానికి స్వరలిపి కూర్చారు. ఆంగ్లానువాదమూ అక్కడే జరిగింది. పర్యటనలో ఉన్న కళాకారుడికి దక్కిన ఆ ఆతిథ్యాన్ని వందేళ్లు దాటినా గర్వంగా తలుచుకుంటాం. తలుచుకోవలసిందే. కానీ అదే మదనపల్లె చుట్టూ, పుంగనూరు, కుప్పం దాకా పల్లెల్లో పలక మోగనిదే గంగమ్మ జాతర కదలదు, పాడె లేవదు. ఊరి పేరులోనే ఒక కులం పేరు మోస్తున్న కురబలకోట ఈ సీమలోదే. ఊరేగింపులో ముందు నడిచే పలక కళాకారుడు పంక్తిలో ఎక్కడ కూర్చుంటాడు? ఆ రాత్రి ఎవరింట్లో పడుకుంటాడు? ఈ ప్రశ్నలను మన సంస్కృతీ చరిత్ర పట్టించుకోలేదు.

‘కళకు కులమేమిటి’ అనేవారు ఉన్నారు. మృదంగం మూతకూ తోలే, పలకకూ తోలే. మృదంగం పూజగదికి చేరింది, పలక గడప బయటే ఆగింది. ఆ మృదంగాన్ని తయారుచేసే దళిత క్రైస్తవ కుటుంబాల కథను టి.ఎం. కృష్ణ 2020లో పుస్తకంగా రాసేదాకా సంగీత రసికులకు వారి పేర్లు కూడా తెలియవు. అంటే కులం రాగంలో లేదు, తాళంలో లేదు. తోలు ఎవరు శుద్ధిచేస్తారు, సన్మానం ఎవరికి దక్కుతుంది అన్న పంపకంలో ఉంది.

తలుపు తెరిచినంత మాత్రాన సమానత్వం రాదన్నది పంక్ చరిత్ర కూడా చెబుతుంది. వాషింగ్టన్‌లో ఆ సంగీతానికి ఊపు తెచ్చిన ‘బ్యాడ్ బ్రెయిన్స్’ నల్లజాతి యువకుల బృందం. అయినా శ్వేతజాతీయులతో నిండిన ఆ కచేరీల్లో నల్లవారి ఒంటరితనం ఎలాంటిదో జేమ్స్ స్పూనర్ 2003లో ‘ఆఫ్రో-పంక్’ డాక్యుమెంటరీలో చూపవలసి వచ్చింది.

దారి చూపినవారు మన పొరుగునే ఉన్నారు. 2018 జనవరిలో చెన్నైలో పా. రంజిత్ చొరవతో వచ్చిన ‘ది క్యాస్ట్‌లెస్ కలెక్టివ్’ గానా పాటనూ ర్యాప్‌నూ రాక్‌నూ ఒకే వేదిక మీదికి తెచ్చింది. మన దగ్గర 1994లో పుట్టిన మాదిగ దండోరా, వెట్టిచాకిరీకి గుర్తుగా ఉన్న డప్పును హక్కుల గొంతుగా మార్చింది. ఇవాళ ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారులకు నెలకు 4,000 రూపాయల పింఛను అందుతోంది. అది అవసరమే. కానీ పింఛను ఇచ్చేది ప్రభుత్వం, పీట వేయవలసింది సమాజం.

ఇంటి కచేరీలంటే ముచ్చటపడే మన కళాశాలల విద్యార్థులు ఆ ముచ్చటను పల్లెదాకా తీసుకెళ్లాలి. గిటారు దళితవాడలోని ఇంటి ముందుగదిలో మోగాలి. పలక ఊళ్లోని పెద్దిళ్ల నడవలో మోగాలి. వాయించినవారికి తక్కినవారితో సమానంగా పారితోషికం ముట్టాలి. కచేరీ ముగిశాక అందరికీ ఒకే వంట, ఒకే పంక్తి ఉండాలి. పాట వినడానికి చెవులు చాలు. పాడినవారితో కలిసి తినడానికి మాత్రం కులాన్ని వదులుకోవాలి. ఆ పని చేయని ఇంట్లో ఎంత తిరుగుబాటు సంగీతం మోగినా అది వినోదమే అవుతుంది తప్ప తిరుగుబాటు కాదు.