సగము కథ విని తీర్పు తీర్చవద్దు



రాత్రి భోజనములైన తరువాత అనేక గృహములలో టీవీలోనో ఫోనులోనో నిజముగా జరిగిన హత్యల కథలు చూచుచున్నారు. కథ ముగియక మునుపే "ఆమే చంపింది, ముఖము చూస్తే తెలియటంలేదా?" అని ఇంటిల్లిపాది తీర్పు చెప్పుదురు. ఆ తీర్పు ఎంత ప్రమాదకరమో ఒక పాస్టరుగారి కుటుంబమునకు జరిగిన దానినిబట్టి చూతము.

1980 ఆగస్టు 17 రాత్రి, ఆస్ట్రేలియాలోని ఉలూరు కొండ యొద్ద గుడారములో నిద్రించుచున్న తొమ్మిది వారముల పసిబిడ్డ అజారియా కనబడకపోయెను. తండ్రి మైకేల్ చాంబర్లేన్ సెవెంత్ డే అడ్వెంటిస్టు పాస్టరు. డింగో అను అడవికుక్క బిడ్డను ఎత్తుకొనిపోయినదని తల్లి లిండీ కేకలు వేసెను. 1981లో మొదటి విచారణ ఆ మాటనే అంగీకరించెను.

అయినను జనులు వేరొక కథ అల్లిరి. కెమెరాల యెదుట ఆమె ఏడ్వలేదనిరి. బిడ్డకు నల్లగౌను తొడిగెననిరి. అజారియా అనగా 'అరణ్యములో బలి' అని పుకారు పుట్టించిరి. దానియేలు మొదటి అధ్యాయము చదివిన మన పిల్లలకు అజర్యా అను పేరు తెలియును. 'దేవుడు సహాయము చేసెను' అని దాని భావము.

1982లో లిండీకి యావజ్జీవ శిక్ష పడెను. చెరలోనుండగా కనిన ఆడబిడ్డను ఆమె యొద్దనుండి తీసికొనిపోయిరి. కారులో పసిబిడ్డ రక్తమని చూపిన మరక, శబ్దము తగ్గించుటకు కారు తయారీలో పూసిన పదార్థమని తరువాత తేలెను. 1986లో బిడ్డ చొక్కా డింగోలు తిరుగు చోట దొరకగా ఆమెను విడిచిపెట్టిరి. 1988లో శిక్ష రద్దాయెను. బిడ్డ మరణమునకు డింగోయే కారణమని అధికారికముగా తేల్చుటకు 2012 వరకు పట్టెను.

నేరములను దాచుమని మేము చెప్పుటలేదు. చనిపోయినవారికి న్యాయము జరుగవలెను. నిర్దోషికి శిక్ష పడినయెడల వారికి న్యాయము జరిగినట్లు కాదు. అందుకే ద్వితీయోపదేశకాండము 19:15 ఇద్దరు ముగ్గురు సాక్షులను కోరుచున్నది. వినకుండ తీర్పు తీర్చవచ్చునా అని నీకొదేము అడిగిన మాట యోహాను 7:51లో చూడుడి.

మన ఊళ్లలోను రచ్చబండ తీర్పు కోర్టు తీర్పుకంటె ముందు వచ్చును. ఎవరు ఏడ్చిరి, ఎవరు ఏడ్వలేదు, ఏ కులము, ఏ సంఘము అనునవే అక్కడ సాక్ష్యములు. ఈ నెల కుటుంబ ప్రార్థనలో పిల్లలకు మూడు ప్రశ్నలు నేర్పుడి: ఇది చెప్పినవారు కన్నులార చూచిరా? నిందింపబడినవారి మాట మనము వింటిమా? ఈ కథలో చెప్పక విడిచినదేమి?

జైలులోనున్న వాని తల్లి మన ఆరాధనలో వెనుక ఒంటరిగా కూర్చుండవచ్చును. ఆమె ప్రక్కకు వెళ్లి కూర్చుండుటకు కోర్టు తీర్పు వచ్చువరకు ఆగనక్కరలేదు.