‘కాదు’ అనగలిగే పేటెంటు ఆఫీసు కావాలి

2013-14లో మన దేశంలో మంజూరైన పేటెంట్లు 4,227. 2024 మార్చి నాటికి ఏడాదిలో ఇచ్చినవి లక్ష దాటాయి. ఈ సంగతిని కేంద్ర ప్రభుత్వం గర్వంగా ప్రకటించుకుంది. ఆ అంకె చుట్టూ ఒక అభిప్రాయం గట్టిపడింది. పేటెంటు ఇస్తే ఆవిష్కర్తకు మేలు చేసినట్టట, అభ్యంతరం చెబితే దేశ ప్రగతికి అడ్డుపడినట్టట. పాత కాగితాలు వెతికి కొర్రీలు వేసే ఎగ్జామినర్ ఈ కథలో ప్రతినాయకుడు. నా దృష్టిలో ఈ వాదన తలకిందులుగా ఉంది. ఆ కొర్రీలు తీసేస్తే పేటెంటులో మిగిలేది ముద్ర వేసిన కాగితమే.

పేటెంటు అంటే దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్ల పాటు మిగతా అందరి చేతులూ కట్టెయ్యడం. అంత పెద్ద హక్కు ఇచ్చేటప్పుడు బల్లకు ఒక పక్క దరఖాస్తుదారు, ఆయన ఏజెంటు కూర్చుంటారు. చేతులు కట్టించుకోబోయేవాళ్లు సాధారణంగా అక్కడ ఉండరు. వాళ్ల తరఫున అడిగేది ఎగ్జామినర్, ఆ నివేదిక చూసి నిర్ణయం తీసుకునే కంట్రోలర్ మాత్రమే. వాళ్లిద్దరూ కూడా దరఖాస్తుదారు సేవకే ఉన్నారనుకుంటే బల్లకు రెండో పక్క ఖాళీ.

ఫోన్ కెమెరాలో లెన్సును కదిపే యాక్చుయేటర్‌ను తీసుకుందాం. నాభ్యంతరం 4 మిల్లీమీటర్లున్న లెన్సు దూరపు కొండ మీంచి 10 సెంటీమీటర్ల దూరంలోని పువ్వు మీదికి ఫోకస్ మార్చాలంటే జరగాల్సింది మిల్లీమీటరులో ఆరో వంతు. ఆ కాస్త కదలికకు ఎక్కువగా వాడేది వాయిస్ కాయిల్ మోటారు. లెన్సు గొట్టానికి తీగచుట్ట, దానికి ఎదురుగా అయస్కాంతాలు, పైనా కిందా పల్చటి స్ప్రింగులు. చుట్టలో కరెంటు పారితే బలం పుట్టి లెన్సును నెడుతుంది, స్ప్రింగు వెనక్కి లాగుతుంది, రెండూ సరితూగిన చోట లెన్సు నిలుస్తుంది. అది ఎంత జరిగిందో కనిపెట్టడానికి కొన్నిటిలో హాల్ సెన్సారు ఉంటుంది.

దీని మీద ఒక దరఖాస్తు వచ్చిందని ఊహించండి. మొదటి క్లెయిములో, అంటే కోరుతున్న హక్కు ఎంతవరకో చెప్పే వాక్యంలో, లెన్సు హోల్డరు, దానికి చుట్టిన కాయిల్, చట్రానికి బిగించిన అయస్కాంతాలు, రెండిటినీ కలిపే స్ప్రింగు, హాల్ సెన్సారు ఉన్నాయి. ఏడో క్లెయిములో మాత్రం ఇంకో సంగతి ఉంది. పక్క కెమెరా వైపు అయస్కాంతమే పెట్టకుండా, మిగతా వైపుల అమరికతోనే లెన్సు ఒరిగిపోకుండా నిలిపే పద్ధతి అది. ఫోన్ల వెనక కెమెరాలు పక్కపక్కనే చేరాక ఒకదాని అయస్కాంతం ఇంకోదాని పనిని చెడగొట్టడం ఇంజనీర్లకు నిజంగానే తలనొప్పి అయింది.

మొదటి క్లెయిము అలాగే మంజూరైతే ఏమవుతుంది? కాయిల్‌తో లెన్సు కదిపే ప్రతివాడూ ఆ పేటెంటుకు అప్పుపడతాడు. కానీ ఆ క్లెయిములో కొత్త ఏదీ? తీగచుట్ట, అయస్కాంతం కలిసి ఒక వస్తువును కదపడం లౌడ్‌స్పీకర్ చేసే పనే. లెన్సునే అలా కదపడం కావాలంటే 1982లో మార్కెట్లోకి వచ్చిన సీడీ ప్లేయరు ఉంది. డిస్కును చదివే చిన్న లెన్సును ఫోకస్ కోసం పైకీ కిందికీ, ట్రాక్ కోసం పక్కలకూ కాయిల్, అయస్కాంతాలే కదిపేవి. సన్నటి తీగల మీద లెన్సును వేలాడదీసే పద్ధతి కూడా అక్కడ వాడిందే. తర్వాత ఫోన్ కెమెరాల్లో చేతి వణుకును సరిదిద్దే నిర్మాణాల్లోనూ అలాంటి తీగలే కనిపించాయి. తెలిసిన పరికరాలను పక్కపక్కన పేర్చి, ఒక్కోటీ తన పాత పనే తను చేసుకుపోతుంటే అది ఆవిష్కరణ కాదని మన 1970 పేటెంట్ల చట్టం 3(ఎఫ్)లోనే రాసుంది. అందుకని ఎగ్జామినర్ మొదటి క్లెయిమును కుదరదంటాడు. దరఖాస్తుదారు వెనక్కి తగ్గి ఏడో క్లెయిములోని సంగతిని పైకి తెస్తాడు. అది నిలబడితే ఆయనకు దక్కేది ఆయన నిజంగా కనిపెట్టినది. మిగిలినదంతా అందరిదీ. ఈ కుదింపును ఆవిష్కర్తకు జరిగిన నష్టమని ఎలా అంటాం?

దీనికి ప్రతివాదులు చెప్పే మాట ఒకటుంది. జవాబు చూశాక లెక్క చెయ్యడం ఎవరికైనా వచ్చు. ఎగ్జామినర్ ముందు పరిష్కారం చదివి, తర్వాత పాత కాగితాల్లో ముక్కలు ఏరి అతికిస్తాడు, అలా అతికిస్తే లోకంలో ఏదీ కొత్తది కాదు అంటారు. ఈ మాటలో సత్యం ఉంది. రెండు పాత పత్రాలను కలపడానికి ఆ రంగపు మనిషికి కారణం ఏముందో చెప్పకుండా కొట్టేస్తే అది అన్యాయమే. అయితే చట్టం ఈ ప్రమాదాన్ని ఎప్పుడో గుర్తించింది. పాత పరిజ్ఞానం ఏమిటి, కొత్తగా చెబుతున్నది ఏమిటి, మొదటిదాన్నుంచి రెండోది నిపుణుడికి ఎలా తడుతుంది అనే మూడూ తిరస్కరణ ఉత్తర్వులో చర్చించి తీరాలని 2022లో ఢిల్లీ హైకోర్టు అగ్రిబోర్డ్ ఇంటర్నేషనల్ కేసులో చెప్పింది. కారణం చెప్పలేని తిరస్కరణకు మందు కారణం చెప్పించడం. దానికి బదులు తిరస్కరణే మానెయ్యమనడం ఏం న్యాయం?

తిరస్కరించాల్సిన చోట తిరస్కరించకపోతే ఏమవుతుందో అమెరికా చూసింది. కారు యాక్సిలరేటర్ పెడల్ మీద టెలిఫ్లెక్స్ కంపెనీ చేతిలో ఉన్న పేటెంటు కథ అది. ముందుకూ వెనక్కూ సర్దుకునే పెడల్ అప్పటికే ఉంది, ఎలక్ట్రానిక్ సెన్సారూ ఉంది. ఆ సెన్సారును కదలని ఇరుసు దగ్గర బిగించడం వాళ్ల క్లెయిము. కేఎస్ఆర్ కంపెనీ మీద వాళ్లు వేసిన దావా సుప్రీంకోర్టు దాకా పోయింది. 2007లో న్యాయమూర్తులంతా ఏకగ్రీవంగా, ఇది ఆ రంగంలోని మామూలు నిపుణుడికి తట్టే పనేనని తేల్చారు. ఇందులో కీలకమైన పాత పత్రం అసానో అనే పెడల్ పేటెంటు. దరఖాస్తును పరిశీలించినప్పుడు అది ఎగ్జామినర్ ముందు లేనే లేదు. ఆనాడే దొరికి ఉంటే దేశపు అత్యున్నత న్యాయస్థానం దాకా నడిచిన దావాకు ఆఫీసులోనే తెరపడి ఉండేదేమో.

ఇలాంటి ఉదాహరణలను తిప్పి వాదించేవాళ్లూ ఉన్నారు. పేటెంటు న్యాయ పండితుడు మార్క్ లెమ్లీ 2001లో రాసిన ప్రసిద్ధ వ్యాసం సారాంశం ఇది: కోర్టుకెక్కే పేటెంట్లు చాలా తక్కువ, ఎవరికీ పట్టని వేలాది దరఖాస్తుల మీద ఆఫీసులో డబ్బు తగలెయ్యడం కన్నా, గొడవ వచ్చిన కొద్దివాటిని కోర్టులోనే లోతుగా చూడటం చవక. మన అధికారులు లెమ్లీని చదివారో లేదో గానీ, వేగమే మంత్రమైన చోట ఆచరణ అటే జారుతుంది. ఈ లెక్కలో ఒక ఖర్చు పడలేదు. కోర్టుకెక్కని పేటెంటు ఎవరికీ హాని చెయ్యలేదని దీనర్థం కాదు. తిరుపతి దగ్గరో శ్రీసిటీలోనో కెమెరా విడిభాగాలు చేద్దామనుకున్న చిన్న కంపెనీకి ఒక లాయరు నోటీసు చాలు. పేటెంటు చెల్లదని నిరూపించడానికి ఏళ్ల తరబడి పోరాడే స్తోమత దానికి ఉండదు. ఆ డిజైన్ వదిలేస్తుంది, లేకపోతే అడిగినంత ఇస్తుంది. ఆ నష్టం ఏ కోర్టు రికార్డులోనూ కనపడదు. కనపడని హానిని సున్నాగా వేసుకుంటే ఏ లెక్కైనా చవకగానే తేలుతుంది.

ఇది పరాయి దేశపు బాధ అనుకోనక్కర్లేదు. మిర్జాపూర్‌లో ఇత్తడి, జర్మన్ సిల్వర్ పాత్రలు చేసే ఒక సంస్థ, పాత్రను లేతు మీద పట్టి ఉంచే పద్ధతికి 1950ల మొదట్లో పేటెంటు తెచ్చుకుంది. 1978 డిసెంబరులో సుప్రీంకోర్టు, అది వర్క్‌షాపులో జరిగే మామూలు మెరుగుదలకు మించింది కాదని తేల్చింది. ఆఫీసు పరిశీలించి ఇచ్చినంత మాత్రాన పేటెంటు చెల్లుతుందని హామీ లేదనీ అదే తీర్పు చెప్పింది. పాతికేళ్లకు పైగా పట్టింది ఆ ముక్క తేలడానికి. పేటెంటు ఆయుష్షు కన్నా వివాదం ఆయుష్షే ఎక్కువ.

మన రెండు రాష్ట్రాల కాలేజీల తీరూ చూడాలి. ‘పేటెంట్ పబ్లిష్డ్’ అని ఫ్లెక్సీలు కడతారు, ప్రొఫెసరుకు శాలువా కప్పుతారు. దరఖాస్తు ప్రచురితం కావడమంటే 18 నెలలు గడిచి, లేదా ఫీజు కట్టి ముందే అడిగితే, అది జర్నల్లోకి ఎక్కడం. అప్పటికి ఎగ్జామినర్ దాన్ని తెరిచి కూడా ఉండకపోవచ్చు. ఎన్‌ఐఆర్‌ఎఫ్ పేరుతో కేంద్రం ఇచ్చే కాలేజీ ర్యాంకుల్లో ప్రచురితమైన పేటెంట్లకూ లెక్క ఉండటంతో దరఖాస్తు వెయ్యడమే పని, దాన్ని నిలబెట్టుకోవడం ఎవరి పనీ కాదు. పరీక్షకు ఫీజు కట్టిన రోజే ఫస్టు క్లాసు వచ్చిందని చాటుకునే పద్ధతి ఇది.

జాప్యాన్ని సమర్థించడానికి ఇదంతా చెప్పడం లేదు. ఒకప్పుడు దరఖాస్తులు ఏళ్ల తరబడి మూలపడి, ఆవిష్కర్తలు ఆశ వదులుకున్నారు. పరీక్ష కోరే గడువును 48 నెలల నుంచి 31 నెలలకు కుదించిన 2024 సవరణ మంచిదే. కానీ తొందరగా జవాబివ్వడం వేరు, తొందరగా ఔననడం వేరు. ఎగ్జామినర్లకు ఒక్కో దరఖాస్తుకు దొరికే సమయం తగ్గేకొద్దీ మంజూరు చేసే ధోరణి పెరుగుతుందని మైకేల్ ఫ్రేక్స్, మెలిస్సా వాసర్‌మన్ అమెరికా పేటెంటు ఆఫీసు మీద చేసిన అధ్యయనం చూపింది. వింతేమీ లేదు. ఔననడానికి వెతకక్కర్లేదు, కాదనడానికి వెతకాలి, చదవాలి, కారణాలు రాయాలి.

కాబట్టి ప్రభుత్వం ఏటా ప్రకటించాల్సిన లెక్క ఇంకోటి ఉంది. వచ్చిన క్లెయిములు ఎన్ని కుదించుకుని మంజూరయ్యాయి? కారణాలు చెప్పి ఎన్నిటిని తిరస్కరించారు? ఆ తిరస్కరణలు అప్పీల్లో ఎన్ని నిలిచాయి? ఇచ్చిన పేటెంట్లలో ఎన్ని తర్వాత రద్దయ్యాయి? బాగా రాసిన తిరస్కరణకు ఎగ్జామినర్ పనిలెక్కలో మంజూరుతో సమానంగా విలువ కట్టాలి. ర్యాంకుల్లోంచి ప్రచురిత పేటెంట్లను తీసెయ్యాలి. మంజూరుకు ముందే ఎవరైనా అభ్యంతరం చెప్పగల 25(1) సెక్షన్‌ను మందుల రంగంలో రోగుల సంఘాలు వాడుకున్నట్టే విడిభాగాల తయారీదార్ల సంఘాలూ వాడుకోవాలి. చెన్నై పేటెంటు ఆఫీసు పరిధిలో ఉన్న మన రాష్ట్రాల చిన్న పరిశ్రమలకు ఆ అభ్యంతర పత్రం, తర్వాత నడిచే దావా కన్నా ఎన్నో రెట్లు చవక.

గట్టి పరీక్షకు భయపడాల్సింది నిజమైన ఆవిష్కర్త కాదు. ఏడో క్లెయిములోని సంగతిని కనిపెట్టిన ఇంజనీరుకు, ఎగ్జామినర్ పాత కాగితాలన్నీ ముందేసి ప్రశ్నించాక కూడా నిలిచిన పేటెంటు కోర్టులోనూ నిలిచే అవకాశం ఎక్కువ, పెట్టుబడిదారు దగ్గర విలువా ఎక్కువ. సులువుగా దొరికిన లక్ష పేటెంట్ల మధ్య ఆ ఒక్కటీ కలిసిపోతే ముందు మోసపోయేది ఆయనే.