జలపాతం ఎత్తు కాదు, వాన వెలిసినాక ఎన్నాళ్ళు పారిందో చూడండి

దసరా సెలవులు దగ్గర పడేకొద్దీ బెంగళూరు, హైదరాబాదు, అమెరికా నుంచి మనవాళ్ళ ఫోన్లు మొదలవుతాయి. "ఈసారి ఊరికొస్తే గుట్ట మీది జలపాతానికి పోదామా? నీళ్ళుండాయా?" అని. మంచిదే. పిల్లలు మాల్‌కి కాకుండా గుట్టకి పోతామంటే అంతకన్నా ఏం కావాల? అయితే ఈ ఏడు దాంతోపాటు ఇంకో మాట కూడా వినబడతా ఉంది. అందరం తలా ఇంత వేసుకుని అక్కడ మెట్లు, కమ్మీలు, కూర్చునేదానికి ఒక షెడ్డు కట్టిద్దామంట. నేను వద్దంటాను. ఎందుకో ఇక్కడ రాస్తున్నాను, చదివి మీరే తేల్చుకోండి.

ముందు మన సీమ సంగతి. శ్రీనివాసపురం అంటే అందరికీ మామిడితోపులే గుర్తొస్తాయి, నీళ్ళు కాదు. ఇది ఎడారి కాదు గానీ, ఏడాది పొడుగునా పారే నది మన కోలారు జిల్లాలో ఒక్కటీ లేదు. ఏడాదికి సుమారు 700 నుంచి 750 మిల్లీమీటర్ల వాన. అందులో పెద్ద వాటా సెప్టెంబరు, అక్టోబరులోనే పడుతుంది. ఉత్తరాన పడిన వాన పాపాఘ్నిలో చేరి, కడప జిల్లాలో పెన్నలో కలుస్తుంది. దక్షిణాన పడింది పాలారు దారి పడుతుంది. పాలారు మొత్తం పొడవు 348 కిలోమీటర్లు. అందులో 93 మన కర్ణాటకలో, 33 ఆంధ్రలో, మిగిలిన 222 తమిళనాడులో. మూడు రాష్ట్రాల్లోనూ ఏడాదిలో ఎక్కువ కాలం కనబడేది ఇసుకే.

ఇట్లాంటి చోట జలపాతం అంటే తలకోనతో పోల్చకూడదు. తలకోన దట్టమైన శేషాచలం అడవిలో, 270 అడుగుల ఎత్తునుంచి పడుతుంది. మనకు దగ్గర్లో చెప్పుకోదగ్గది కైగల్. ముళబాగిలు దాటి పలమనేరు పోయి, అక్కడినుంచి కుప్పం దారి పడితే వస్తుంది. చుట్టుపక్కల వాళ్ళు దాన్ని దుముకురాళ్ళు అంటారు. ఎత్తు నలభై అడుగుల లెక్కే. వానలప్పుడు బండ కనబడకుండా దూకుతుంది, ఎండాకాలంలో సన్నటి ధార. మన గుట్టల మీది వంకలు అంతకన్నా చిన్నవి. మంచి వాన పడితే దూకుతాయి, కొన్నాళ్ళు పారతాయి, ఆగిపోతాయి. మిగిలిన నెలలన్నీ నల్లటి చార మిగిలిన బండ, అంతే.

ఆ "కొన్నాళ్ళు" అన్నదే అసలు సంగతి. మన గుట్టలు గట్టి రాయి, పైన జానెడు మూరెడు మన్ను. రాతి మీద పడిన వాన నిలవదు, గంటలో కిందికి దిగిపోతుంది. నిలిపేది పొదలు, బోద గడ్డి, రాలిన ఆకు, రాతి పగుళ్ళు. అవి నీళ్ళు తాగి మెల్లిగా వదిలితే వాన వెలిసినాక కూడా వంక పారుతుంది. గడ్డికి నిప్పు పెట్టి, పొదలు కొట్టేసి, పక్కన క్వారీ తవ్వితే? అదే వాన, అదే గుట్ట. కానీ జలపాతం రెండు గంటలు ఎర్రగా గర్జించి, మన్నంతా తెచ్చి చెరువులో పోసి, సాయంత్రానికి ఎండిపోతుంది. ఫోటోలో రెండోదే గొప్పగా కనబడుతుంది! అందుకే అంటాను, జలపాతాన్ని ఎత్తుతో కొలవొద్దు, వాన వెలిసినాక ఎన్ని దినాలు పారిందో దాంతో కొలవండి. అది గుట్ట ఆరోగ్యానికి నాడి లాంటిది.

పాతకాలం వాళ్ళు ఈ లెక్క తెలిసినవాళ్ళే. గుట్ట దిగిన వంకను కుంటలోకి, కుంట నిండితే కాలువ గుండా చెరువులోకి, ఆ చెరువు కోడి పోతే కింది ఊరి చెరువులోకి, ఇట్లా గొలుసుకట్టుగా కట్టిపెట్టినారు. ఏ మడికి ఎప్పుడు తూము ఎత్తాలో చూసేదానికి నీరుగంటి ఉండేవాడు. వాళ్ళకు జలపాతం చూడబోయే తావు కాదు, చెరువుకు పై కొస.

ఆ గొలుసు ఎక్కడ తెగిందో మీకు తెలుసు. కాలువలు పూడిపోయినాయి, కొన్ని చోట్ల ఆక్రమించేసినారు. గుట్టల కింద నీలగిరి తోపులు వచ్చినాయి. ఆ చెట్లు భూమిలో తేమంతా లాగేస్తున్నాయని కర్ణాటక ప్రభుత్వం కొత్తగా నాటడాన్ని 2017లో నిషేధించింది. బోర్లు వెయ్యి అడుగులు దాటినాయి. 2018 నుంచి కె.సి. వ్యాలీ పథకం కింద బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి మన జిల్లా చెరువులకు పంపుతున్నారు. ఆ నీళ్ళతో బోర్లు కోలుకున్నాయనేవాళ్ళు ఉన్నారు, మూడో దశ శుద్ధి కూడా చేయాలని పోట్లాడేవాళ్ళూ ఉన్నారు. ఎవరి మాట ఎట్లున్నా, మన గుట్ట మీద పడిన మంచినీళ్ళను వదిలేసి పట్నం వాడి పారేసిన నీళ్ళ కోసం ఎదురుచూసే గతి వచ్చిందే అని నాకు బాధ.

2021 నవంబరు గుర్తుంది కదా? ఏళ్ళ తరబడి నిండని చెరువులు కోడి పోయినాయి. అందరం కట్ట మీదికి పోయి ఫోటోలు తీసుకున్నాం. అదే నెలలో కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కూలిపోయింది. వాన వచ్చేటప్పుడు వస్తుంది. ఆపి దాచుకునే ఏర్పాటు లేకపోతే పైవాడికి దక్కదు, కిందివాడికి ముప్పు.

ఇప్పుడు మెట్ల మాట. మెట్లు, షెడ్డు వస్తే కార్లు వస్తాయి, ప్లాస్టిక్కు వస్తుంది, సీసాలు పగులుతాయి. పొదలు పోతాయి. పొదలు పోతే పారే దినాలు తగ్గుతాయి. ఏ జలపాతం కోసం డబ్బులు పెడతామో దాన్నే మనం కురచ చేసినట్టు. పైగా అడవిశాఖ భూమిలో అనుమతి లేకుండా ఒక రాయి కూడా పాతకూడదు. ఆ డబ్బుతో పంచాయతీని, ఊరివాళ్ళను కలుపుకుని వంకనుంచి కుంటదాకా పూడిన కాలువ తీయిద్దాం. దానికి శిలాఫలకం ఉండదు, నిజమే. చెరువులో నీళ్ళే ఫలకం.

పోవద్దని మాత్రం అనను. పోండి, ఊరివాళ్ళలో దారి తెలిసినవాణ్ణి వెంట తీసుకుని పొద్దున్నే పోండి. పైన మబ్బు కమ్మినా, నీళ్ళు ఉన్నట్టుండి ఎర్రబారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా వెంటనే పక్కకెక్కేయండి. పైన కురిసిన వాన మీకు కనబడదు. పాచి పట్టిన బండ మీద సెల్ఫీ వద్దు, లోతు తెలియని మడుగులో దిగొద్దు. కైగల్ వైపు పోయేవాళ్ళు ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. అది 1990లో ఏనుగుల కోసం ఏర్పాటైన కౌండిన్య అభయారణ్యం. పొద్దు వాలకముందే రోడ్డు మీదికి వచ్చేయాల. ఇక మన చిన్న వంకల లొకేషన్ దయచేసి ఫేస్‌బుక్‌లో పెట్టొద్దు.

దిగేటప్పుడు వచ్చిన దారినే రాకుండా, వంక వెంబడి చెరువుదాకా నడవండి. నీళ్ళు ఎక్కడ ఆగినాయో, ఎక్కడ దారి తప్పినాయో పిల్లలకే కనబడుతుంది. ఊళ్ళో ఉండేవాళ్ళం ఒక నోటుబుక్కు పెడతాం. వాన ఎప్పుడు వెలిసింది, వంక ఎప్పుడు ఆగింది, రెండు తేదీలు చాలు. ఏటా ఇక్కడే రాస్తాం. పదేళ్ళకు ఆ దినాలు పెరిగితే మన డబ్బు సరైన చోట పడినట్టు.