మన కొండదోవల్లో మనం ఊరికే తిరిగితే తప్పా?

మొన్న సంక్రాంతి సెలవుల్లో జరిగిన సంగతి ఇది. మేం ఆరుగురం. నలుగురు సుగాలి, ఇద్దరు ఎరుకల. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం హాస్టళ్ళలో ఉండి చదువుకుంటున్నోళ్ళం. పెనుకొండ అవతల గుట్టల్లో గొర్లు పోయే దోవ పట్టుకుని సైకిళ్ళ మీద పోతాండాం. సైకిళ్ళంటే మీరు ఏవేవో ఊహించుకోవద్దు. రెండు సెకండ్ హ్యాండ్ గేరు సైకిళ్ళు, ఒకటి మాలో ఒకడి అక్కకు బడికొస్తా పథకంలో వచ్చింది, మిగతావి నాయనల కాలం నాటి హీరోలు, అట్లాసులు.

గుట్ట దిగి తారురోడ్డు ఎక్కేచోట ఒకాయన బండి ఆపి నిలబడుకున్నాడు. "ఎవర్రా మీరు? ఏ తాండా? గుట్టలో మీకేం పని?" ఆధార్ కార్డులు అడిగినాడు. సైకిళ్ళకు రశీదులున్నాయా అన్నాడు. అట్లాస్ సైకిలుకు రశీదు యాడ తెచ్చేది, అది మా అందరికంటే పెద్దది! ఈ లోపల బెంగళూరు నుంచి కారు మీద సైకిళ్ళు కట్టుకుని వచ్చిన నలుగురు అదే దోవన దిగినారు. ఒక్కొక్క సైకిలు లక్ష పైమాటే. వాళ్ళను ఏమీ అడగలేదు. ముందర టీ కొట్టు ఉందా అని వాళ్ళడిగితే బాగానే దోవ చెప్పి పంపినాడు.

ఆ బెంగళూరోళ్ళ మీద మాకేం కోపం లేదు. వాళ్ళలో ఒకాయనకు పైన అరగంటలో రెండు పంచర్లు పడితే సొల్యూషన్, ప్యాచీ ఇచ్చింది మేమే. మమ్మల్ని ఆపినాయన మీద కూడా ఈ పోస్టు కాదు. మాకు మా మీదే కోపం వచ్చింది. ఎందుకంటే "ఏం పని" అని ఆయన అడిగినప్పుడు "ఏం పని లేదు సార్, సరదాగా తిరుగుతున్నాం" అని చెప్పడానికి ఆరుగురిలో ఒక్కరికి నోరు రాలేదు. "మేకలు తప్పిపోయినాయి సార్, వెతుకుతున్నాం" అని అబద్ధం చెప్పినాం. డిగ్రీ చదివేవాళ్ళం, లేని మేకలను అడ్డం పెట్టుకుని బయటపడినాం.

ఆ రాత్రి హాస్టల్లో దీని గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం. కొండలో తిరగాలంటే మనకు ఒక పని ఉండాల, పని లేకుంటే అనుమానం. ఇది ఎప్పటినుంచి మొదలైంది?

ఒకప్పుడు తిరగడమే మన పని. సుగాలీల లదేణి గురించి తాతలు చెప్పేది వినే ఉంటారు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని తాండాకు తాండానే నడిచేది. ఎరుకలవాళ్ళలో ఉప్పు బేరం చేసేవాళ్ళు కూడా అంతే, సముద్రం పక్కనుంచి లోపలి ఊళ్ళకు మోసేవాళ్ళు. 1791-92లో టిప్పు సుల్తాన్ మీదికి పోయిన కారన్‌వాలిస్ సైన్యానికి తిండిగింజలు మోసింది బంజారాల ఎద్దులే. అప్పట్లో కంపెనీవోళ్ళకు మనం కావాల. ఆ తర్వాత రోడ్లు పడినాయి, పందొమ్మిదో శతాబ్దం చివరకు ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా రైలు వచ్చింది. ఎద్దుల బేరం పోయింది. బేరం పోయినాక తిరిగేవాళ్ళంతా దొంగలైనారు. నేరస్థ జాతుల చట్టం 1871లో మొదట ఉత్తరాదిలో పెట్టినారు, 1911 చట్టంతో మద్రాసు రాజధానికీ వచ్చింది. ఎరుకలవాళ్ళను ఆ జాబితాలో ఎక్కించినారు. పేరు ఎక్కినోడు ఊరు దాటాలంటే చెప్పి పోవాల, పిలిచినప్పుడు హాజరు పలకాల. దేశమంతటా ఆ చట్టం రద్దయింది 1952 ఆగస్టు 31న. చట్టం పోయింది గానీ ఆ ప్రశ్న మాత్రం పోలేదు. మేకల అబద్ధం కూడా మాలో ఎవరో అప్పటికప్పుడు కనిపెట్టింది కాదు, ఇంట్లో పెద్దోళ్ళ దగ్గర నేర్చుకున్నదే.

కొండ సైకిలు డబ్బున్నోళ్ళ ఆట అని మన గ్రూపులోనే కొందరు అంటారు. ఇప్పుడు అట్లే కనపడుతుంది, ఒప్పుకుంటాం. కానీ అది మొదలైన తీరు వేరు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం, మారిన్ కౌంటీ. 1970ల్లో అక్కడి కుర్రోళ్ళు పాత సామాన్లలో దొరికిన లావు టైర్ల బరువు సైకిళ్ళు తీసుకుని మట్టిదోవల్లో కొండ దిగేవాళ్ళు. 1976 అక్టోబరు 21న మొదటి పందెం పెట్టుకున్నారు. దాని పేరు రీప్యాక్. ఆ పేరెందుకంటే, మూడు కిలోమీటర్ల పైన దిగుడులో వెనక చక్రం బ్రేకు కాలి లోపలి గ్రీజంతా పొగైపోయేది, కిందికొచ్చినాక హబ్బు విప్పి మళ్ళీ గ్రీజు కూరుకోవాల్సి వచ్చేది. ఇరవై ఏండ్లకు, 1996లో, అట్లాంటా ఒలింపిక్స్‌లో అది పతకం ఆట అయింది. మొదలుపెట్టింది మాత్రం పాత సైకిళ్ళు, స్నేహితులు, ఇంటి దగ్గర ఒక కొండ ఉన్నోళ్ళే. ఆ మూడూ మన దగ్గర ఉండాయి.

ఇంకొకటి కూడా ఉంది, ఈ నేల తెలియడం. మన దగ్గర పల్లేరు కాయ ఉంది చూడండి, లక్ష రూపాయల సైకిలును కూచోబెట్టేది అదే. దోవ పక్కన నేలకు పాకి పసుప్పచ్చ పూలతో తీగ కనపడితే ఆ పక్కకు పోకూడదని మేకలు మేపినోడికి చెప్పాలా? గుచ్చుకుంటే ముల్లు లాగేసి ఊరుకోకూడదు, టైరు లోపల వేళ్ళతో మెల్లగా తడమాల, రెండోది అక్కడే ఉంటుంది. వంకలో ఇసక వస్తే దిగి నడిపించుకోవడమే మంచిది, పౌరుషానికి పోతే హ్యాండిలు తిరిగి పడతాం. నున్నటి బండ మీద ఎండలో టైరు బాగా పట్టుకుంటుంది, వాన తుంపర పడిందా సబ్బు మాదిరి జారుతుంది. దిగుడులో ముందు బ్రేకు ఒక్కటే పట్టుకుంటే మూతి పగులుతుంది (మాలో ఒకనికి పగిలింది, పేరు చెప్పం). సీటు వెనక్కి జరిగి, రెండు బ్రేకులూ కొంచెం కొంచెం పట్టాల. రాడ్ బ్రేకుల సైకిళ్ళు నిటారు దిగుడుకు పనికిరావు, అవి చదును దోవకే. ఇక ఎలుగుబంట్లు. మన జిల్లా గుట్టల్లో ఉండాయి, అందరికీ తెలుసు. తెల్లారుజామున, పొద్దుగూకినాక పోవద్దు. సీతాఫలాలు పండే కాలంలో ఇంకా జాగ్రత్త. బెల్లు కొట్టుకుంటా, మాట్లాడుకుంటా పొండి.

రిజర్వు ఫారెస్టులోకి మాత్రం అనుమతి లేకుండా పోవద్దు. అది 1967 నాటి అటవీ చట్టం కింద నేరం. 2006 అటవీ హక్కుల చట్టం మేత గురించి, అటవీ ఫలసాయం గురించి చెప్తుంది గానీ సైకిలు షికారు గురించి కాదు, దాన్ని తెచ్చి ఇక్కడ వాదించొద్దు. బయట ఉన్న బండిదోవలు, మందదోవలే మనకు చాలు. పెనుకొండ కోట గోడల మీద, మెట్ల మీద సైకిళ్ళు ఎక్కించేది వద్దు. చేన్లలో బుడ్డల పంట ఉంటే గట్టు మీద దిగి నడవాల.

మాలో మాకే తెగని వాదన ఒకటుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎవరైనా దోవ గీసి పెట్టొచ్చు, ఉచితమే. మన తాండాల దోవలన్నీ అందులో ఎక్కించాలని ముగ్గురు అంటారు. రేపు ఎవరో కంచె వేస్తే "ఇక్కడ దోవ ఉండేది" అని చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది కదా అని. మిగతా ముగ్గురు వద్దంటారు. ఎక్కిస్తే ప్రతి ఆదివారం కార్లు దిగుతాయి, మేకలు బెదురుతాయి, ప్లాస్టిక్ సీసాలు మిగుల్తాయి అని. మా రాజీ ఏమంటే, తాండా నుంచి తాండాకు, బడికి పోయే దోవలు ఎక్కిద్దాం, నీళ్ళ గుండాల దోవలు, దేవుని బండల దోవలు వద్దు. అది కూడా తాండాలో పెద్దోళ్ళను అడిగినాకనే.

"ముందు చదువు, ఉద్యోగం చూసుకోండప్పా" అని అన్నలు అంటారని తెలుసు. చదువుతూనే ఉన్నాం అన్నా. ఆదివారం పూట మూడు గంటలు. ఆ మూడు గంటలు క్రికెట్ చూస్తే ఎవరూ ఏమనరు. ఆడపిల్లల సంగతి ఇంకా కష్టం. మాకు కనీసం మేకల అబద్ధం చెల్లింది, చెల్లెళ్ళు గుట్టకు సైకిలు మీద పోతే మొదట అడ్డం నిలబడేది మన ఇండ్లల్లోనే. ఇచ్చిన సైకిళ్ళు ఎన్ని ఇండ్లలో నీళ్ళ బిందెలు మోయడానికే మిగిలినాయో ఎవరింట్లో వాళ్ళు చూసుకోండి.

కాబట్టి మేం అడిగేది ఒకటే. ఆగస్టు 31 వస్తుంది, విముక్తి దినం. ఆ రోజు మీటింగులు, దండలు ఉంటే ఉండనీ. పొద్దున మాత్రం ఎండ కొంచెం ఎక్కినాక, ఏడున్నరకు పెనుకొండ రైల్వే స్టేషను బయట కలుద్దాం. హిందూపురం, ధర్మవరం వాళ్ళు ముందురోజు రాత్రికే వస్తే మా దగ్గర పడుకోవచ్చు. పదిహేను కిలోమీటర్లు, మధ్యలో రెండు తాండాలు, ఒకచోట అవ్వ రాగిసంగటి చేస్తానంది. ఎవరైనా ఆపి ఏం పని అని అడిగితే అందరం ఒకే మాట చెప్పాల, ఊరికే తిరుగుతున్నాం అని. మేకల పేరు ఎత్తినోడు అందరికీ టీ తాపించాల.

ఎక్స్‌ట్రా ట్యూబు, పంపు, రెండు లీటర్ల నీళ్ళు తెచ్చుకోండి. చెల్లెళ్ళు వస్తామంటే ముందే మెసేజ్ పెట్టండి, సీనియర్ అక్కలు ఇద్దరు తోడు వస్తామన్నారు. హెల్మెట్లు మా దగ్గర మూడే ఉండాయి.